ఉల్టా చిమ్టా సైకిల్

2023 వానకాలం. ఛత్రినాకల మా సైకిల్ దుకాణం. మా బాపు పెట్టిన దుకాణమే. ఆయన నల్ల సైకిళ్లు అమ్మెటోడు, నేను పిల్లల సైకిళ్లు, గేర్ సైకిళ్లు అమ్ముత, రిపేర్లు జేస్త. ఆ యేడు నా మనసు అస్సలు నిలకడగ లేదు. ఆన్‌లైన్ల సైకిళ్లు అమ్మే కంపెనీ ఒకటి మూసీ అవుతల పెద్ద షోరూం తెరిచింది, అక్కడ చూసి ఆర్డర్ పెడ్తే సైకిల్ డబ్బాల ఇంటికి పంపుతరు. జనం మా దుకాణానికి వచ్చుడు, సైకిల్ ఎత్తి చూసుడు, ఫొటో తీస్కొనుడు, "మళ్లొస్తం అన్నా" అని పోవుడు. కొన్ని దినాలకు అదే గల్లీల కంపెనీ సైకిల్ డబ్బాల దిగేది.

ఆ డబ్బా సంగతి జర చెప్పాలె. ఆన్‌లైన్ సైకిల్ పూర్తిగ బిగించి రాదు. జాగ పట్టాలని హ్యాండిల్ పక్కకు తిప్పి, ముందు చక్రం, పెడల్లు, సీటు విప్పి పెడ్తరు. చిన్న పానాల సెట్టు ఇస్తరు, వీడియో లింకు పంపుతరు. మిగిలింది మనమే బిగించుకోవాలె. తప్పు జరిగేది అక్కడనే. ముందు చక్రాన్ని రెండు దిక్కుల పట్టుకునే భాగాన్ని ఫోర్క్ అంటరు, మేం చిమ్టా అంటం. డబ్బాల ఒక్కోసారి అది వెనక్కి తిరిగి ఉంటది. అది చూసుకోకుంట హ్యాండిల్ సీదా జేసి బిగిస్తే చిమ్టా ఉల్టానే ఉండిపోతది. సైకిల్ నడుస్తది, కొత్తగ తొక్కెటోళ్లకు తేడా తెల్వదు. గానీ చక్రం కాళ్ల దగ్గరికి జరుగుతది. మలుపు కాడ చెప్పు కొన చక్రానికి తాకుతది. గట్ల పడ్డ మనిషిని ఒకసారి కండ్లార చూసిన. ముందటి పండ్లు పోయినయి.

బోనాలు దగ్గరవడ్డ దినాలు. పొద్దుగాల షట్టర్ లేపి, చాయ్ గ్లాసు చేతిల వట్టుకొని నిలవడ్డ. ఉప్పుగూడ దిక్కు దిగే వాలు మీద ఒకామె సైకిల్ తొక్కుకుంట పోతున్నది. నలభై దగ్గర వయసు, తెల్ల చీర, వెనక క్యారియర్ మీద స్కూలు డ్రెస్సుల ఒక ఆడపిల్ల. ఆకాశం రంగు కొత్త సైకిల్. నా కండ్లు అలవాటుగ ముందు చక్రం మీదికి పోయినయి. డిస్క్ బ్రేక్, అంటే చక్రం నడుమ ఉండే రేకును పట్టి ఆపే బ్రేకు, ఎప్పుడైనా తొక్కెటోళ్లకు ఎడమ దిక్కు ఉండాలె. ఆమెది కుడి దిక్కు ఉన్నది. చిమ్టా ఉల్టా.

"అమ్మా, ఆగు, జర ఆగు" అని కేకేసి ఉరికిన. ఆమె ఒకసారి వెనక్కి మర్రి చూసింది. ఎవడో మగోడు ఎంబడి వడ్డడనుకున్నదేమో, ఇంకా జోరుగ తొక్కింది. రెండు ఆటోలు అడ్డమొచ్చినయి. అంతే, మళ్ల కనవడలే.

ఆ దినం నాకు పనిల చెయ్యి ఆడలే. పంచర్ వేసిన ట్యూబునే మళ్ల నీళ్లల ముంచి చూసుకుంట కూసున్న. తెల్లారి అదే టైంకు రోడ్డు మీద నిలవడ్డ, ఆమె రాలే. మర్నాడు వాన దంచింది, అప్పుడూ రాలే. అంబులెన్స్ మోత ఇనవడితే రోడ్డు మీదికి ఉరికెటోన్ని. నా భార్య పద్మ చూసి చూసి, "అన్నం కలిపి అట్లనే కూసుంటివి, ఏమైంది?" అన్నది. చెప్పిన. "వెనక పిల్ల గూడ ఉన్నదా?" అని అడిగింది. ఆ మాటతోని నా ఫికర్ ఇంకా పెరిగింది.

కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ జేసిన.

"సర్, మీ ఆర్డర్ నంబర్ చెప్పండి."

"సైకిల్ నాది గాదమ్మా, రోడ్డు మీద చూసిన. చిమ్టా ఉల్టా బిగించుకున్నరు. పడ్తరు."

"ఆర్డర్ నంబర్ లేకుంటే కంప్లైంట్ తీసుకోలేం సర్."

ఫోన్ల మాట్లాడిన ఆ పిల్లను మాత్రం ఏమనాలె? పెట్టేసిన. సీదా మొఘల్‌పురాకు పోయిన. అక్కడ పంచర్ దుకాణం ఖాజా భాయ్ మా బాపు దోస్తు, ముసలాయన. ఆ చుట్టుపక్కల పంచర్లేసెటోళ్లందరు ఆయనకు ఎరుకే.

"నీ గిరాకీ గాదు, నీ సైకిల్ గాదు" అన్నడు ఆయన. "కంపెనీకి పేరు పోతే నీకే మంచిది గదా మియా. ఎందుకింత పరేషాన్?"

"ఏమో భాయ్, నిద్ర వడ్తలేదు. సైకిల్‌కు హవా కొట్టించుకోనికైనా ఆమె ఎక్కడో ఒకకాడ ఆగుతది గదా. అందరికి జర చెప్పి పెట్టు. ఆకాశం రంగు, కుడి దిక్కు బ్రేకు."

ఆయన నవ్వలే. ఫోన్ తీసి నా ముందటనే ఒకరెనక ఒకరికి చెప్పుకుంట పోయిండు.

తర్వాతి వారం పొద్దుగాల ఖాజా భాయ్ ఫోన్ జేసిండు. "మిల్ గయీ, ఆమె దొరికింది. నా దగ్గరనే ఉన్నది, టైరు చూస్తున్నా అని ఆపిన. జల్ది రా." స్కూటర్ మీద పోయిన. ఆమె చేతులు కట్టుకొని నిలవడ్డది. పిల్ల లేదు, స్కూల్ల దించి వచ్చిందట. నన్ను చూడంగనే మొకం మారింది.

"మొన్న రోడ్డు మీద కేకలేసింది నువ్వే గదా?"

"నేనే చెల్లె. నా పేరు యాదగిరి, ఛత్రినాకల సైకిల్ దుకాణం నాది. నీ సైకిల్ ముందటి చిమ్టా ఉల్టా ఉన్నది. గది చెప్దామనే."

ఆమె పేరు కరుణ. సర్కారు దవాఖానల ఆయా. పొద్దున డ్యూటీకి బస్సు టైంకు దొరకక, లేటొచ్చినవని రోజూ మాటలు పడలేక సైకిల్ కొన్నది. నేను పానా తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టకు అన్నా. బయటోళ్లు విప్పితే వారంటీ పోతదని షోరూంల జెప్పిర్రు. నీకు దుకాణం ఉన్నది గాబట్టి షోరూం సైకిల్ ఖరాబుదే అంటవు."

"ఖరాబు గాదు, మంచి సైకిలే. బిగించుడే తప్పైంది. ఎవరు బిగించిర్రు?"

"నేనే" అన్నది. "వీడియో చూసుకుంట, ఒక్కదాన్నే. నా బిడ్డ చప్పట్లు గొట్టింది."

ఏదో మెకానిక్ పేరు చెప్తదనుకున్న. "మా దిక్కు దుకాండ్లల ఎందుకు కొనలే?" అని అడిగిన. ఆ టైంకు అడగాల్సిన మాట గాదు గానీ, కడుపుల ఉన్నది బయటికొచ్చింది.

"తిరిగిన. ఒకాయన మీ ఇంటాయనను తోల్కరా అన్నడు. ఇంకొకాయన లేడీస్ సైకిల్ అని బుట్ట ఉన్నది ఒక్కటే చూపిచ్చిండు. తొక్కి చూస్తనంటే కవర్ చినుగుతదన్నరు. మీ దుకాణం దాంక రానే లేదు, అప్పటికే ఇసుగొచ్చింది. షోరూంల దివ్య అని ఒక పిల్ల ఉన్నది. నా ఎత్తు అడిగింది. సీటు దించింది. బయట తొక్కి చూడమన్నది. పడితే సైకిల్ గీసుకపోతది గదా అంటే, పోనియ్ అక్కా, దానికోసమే పెట్టినం అన్నది."

"పోనీ, నేను ముట్ట. నువ్వే సీటెక్కి ఒక కాలు పెడల్ మీద ముందట పెట్టు, హ్యాండిల్ మెల్లగ తిప్పు" అన్న. తిప్పింది. చెప్పు కొన చక్రానికి తాకి టక్కున ఆగింది. మళ్ల తిప్పింది, మళ్ల ఆగింది.

"మలుపు కాడ అప్పుడప్పుడు కాలు తగిలేది" అన్నది మెల్లగ. "నా కాలే సరిగ పెడ్తలేననుకున్న." ఆ తర్వాత క్యారియర్ దిక్కు చూసింది. ఏం ఆలోచించిందో నాకు తెలిసింది.

తానే దివ్యకు వీడియో కాల్ జేసింది. ఆ పిల్ల ముందు చక్రం చూపియ్యమన్నది. "అక్కా, దాన్ని ఇప్పుడు ఎక్కకండి. మా మెకానిక్ రావాలంటే ఇంకో వారమైతది. పక్కన ఉన్న అన్నకు ఫోనియ్యండి." నాతోని అన్నది: "అన్నా, మీరు విప్పి సరిజేయండి. వారంటీకి ఏం కాకుంట నేను చూస్త, అక్కకు ఇప్పుడే మెసేజ్ పెడ్త."

మెసేజ్ వచ్చింది. నేను వంగంగనే కరుణ పానా నా చేతిలకెళ్లి తీస్కున్నది. "నువ్వు చెప్పు. నేనే తిప్పుత. తప్పు నేను జేసిన, నేనే సరిజేస్త."

ముప్పావు గంట పడ్తదేమో, డ్యూటీకి లేటైతదేమోనని పానా నేనే గుంజుకుందామనిపిచ్చింది. రెండు చేతులు వెనక్కి కట్టుకున్న. "హ్యాండిల్ పక్కన ఉన్న రెండు బోల్టులు వదులు జెయ్యి. ఇప్పుడు హ్యాండిల్ కదలకుంట పట్టుకొని, చిమ్టాను చక్రంతోని సహా తిప్పు. బ్రేకు ఎడమ దిక్కు రావాలె. తీగ మెలిక వడకుంట చూడు." తిప్పింది. హ్యాండిల్ నడుమ పైన ఉన్న బోల్టు ముందుగాల, పక్క బోల్టులు తర్వాత బిగించింది. బ్రేకు పట్టుకొని సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపమన్న. లోపల టక్ టక్ అని చప్పుడొచ్చింది.

"ఆగు" అన్న. వంగి చూసినం. బ్రేకును చిమ్టాకు పట్టి ఉంచే బోల్టుల ఒకటి సగం బయటికొచ్చి ఉన్నది. చిమ్టా ఉల్టా ఉన్నందుకు బ్రేకు పట్టినప్పుడల్లా ఆ బోల్టు జర జర బయటికి వచ్చింది. ఇంకొన్నిసార్లు ఆ వాలు దిగితే బ్రేకు ఊడి చక్రంల ఇరుక్కునేది. ఖాజా భాయ్ "యా అల్లా" అని దగ్గరికొచ్చి చూసిండు. కరుణ ఏడ్వలే. ఆ బోల్టును బిగించింది, మళ్లొకసారి పానా వేసి చూసింది. చక్రం తిప్పి, బ్రేకు పట్టి, తనకు తాను నమ్మకం కుదిరినంకనే సైకిల్ ఎక్కింది. గల్లీ చివర మలుపు తిరిగింది. కాలు తగల్లే.

ఆ సాయంత్రమే దుకాణంల ఒక సైకిల్‌కు ప్లాస్టిక్ కవరు మొత్తం చింపి తీసిన, ఎవరన్న తొక్కి చూడనీకి. అయినా నా మనసు కుదుట వడలే. ఇప్పటికీ రోడ్డు మీద ఏ కొత్త సైకిల్ పోయినా దాని ముందు చక్రం చూడంది నాకు మనసొప్పది.

చలికాలంల కరుణ తనతోని పనిజేసే ఇంకో ఆయాను మా దుకాణానికి తోల్కొచ్చింది. సీటు ఎంత ఎత్తు ఉండాలెనో తానే చెప్పింది, తొక్కిపిచ్చింది. ఆ కొత్తామె మా సైకిళ్లన్ని చూసి, ఆఖరికి ఆర్డర్ మాత్రం షోరూంకే పెట్టింది. రంగు నచ్చిందట. నా దగ్గర బిగిపిచ్చుకోనీకి డబ్బాను మా దుకాణం అడ్రసుకు తెప్పిచ్చుకున్నది. జర కడుపు మండింది, అబద్ధమెందుకు. గానీ డబ్బా కోసి చిమ్టా దిక్కు చూసుకునే ముందు, ఆమెను పక్కన నిలవెట్టి ఎక్కడికి తొక్కుకుంట పోతది, వెనక ఎవరిని కూసోవెడ్తది అని అడిగిన. ఇన్నేండ్లు నేను సైకిల్‌నే చూసుకుంట వచ్చిన, తొక్కే మనిషిని అడగలే. ముందు అడగాల్సింది ఇదని కరుణ దగ్గర తెలుసుకున్న.