వేపతోరణం దగ్గర ఆగిన జీపు

మా ఊళ్లో వాంతులు, భేదులు మొదలై వారమైంది. ముగ్గురు చనిపోయారు. కబురంపిన ఆరో రోజున, ఈ పొద్దున, సర్కారు డాక్టరు జీపులో వచ్చాడు. పావగడ రోడ్డుకు అడ్డంగా వేపతోరణం కట్టి మేమే ఆపాం. రోగం పోవాలని ఈ తెల్లారుజామునే మారెమ్మను పొలిమేర దాటించాం; అమ్మవారిని అలా సాగనంపిన రోజు పొద్దుగూకేదాకా బయటివాళ్లు ఊళ్లో అడుగు పెట్టకూడదు.

"ఆరు దినాలు యాడ పండుకోనుంటివి సామీ?" అని నేనే అరిచాను.

"లేటయింది నిజమేనప్పా. ఇప్పుడన్నా దోవ ఇడవండి," అన్నాడు డాక్టరు.

వదల్లేదు.

పొద్దున లేచి కూర్చుని నీళ్లడిగిన పక్కింటి ఓబులక్క మధ్యాహ్నం చనిపోయింది. సెలైన్ సీసాలు పొలిమేరలో, జీపులోనే ఉన్నాయి.

పొద్దుగూకాక ఆమె ఇంటి ముందు కూర్చుని, సర్కారు ఆరు రోజులు ఆలస్యం చేసిందని అందరం తిట్టాం. ఈ పగలంతా ఆలస్యం చేసిందెవరని ఎవరూ అడగలేదు. మీరైనా నన్ను అడగండి.