కంప్రెసర్ తప్పు స్వరాన్ని దిద్దదు

2023 ఎండాకాలం. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో నేను చేరి అప్పటికి రెండేళ్లయింది. మొదట బిల్లులు రాయడానికి తీసుకున్నారు. ఎలక్ట్రానిక్స్‌తో డిగ్రీ చేశానని, పెట్టెలో వచ్చే మాన్యువల్‌ని చివరి పేజీ దాకా చదువుతానని తెలిశాక ఓనర్ యాదగిరి సార్ నన్ను లోపలి పెడల్స్ కౌంటర్‌కి మార్చారు. నాకూ అదే నయమనిపించింది. ముందు కౌంటర్లో రోజంతా మనుషులతో మాట్లాడాలి. లోపలైతే వస్తువు గురించి మాట్లాడితే చాలు.

మా దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేవి కీబోర్డులు, చర్చిల వాళ్లు కొనే రిథమ్ ప్యాడ్లు. బాస్ గిటార్ కోసం వచ్చేవాళ్లు తక్కువ. బాస్ అంటే నాలుగు లావు తీగల గిటార్. పాట అడుగున నడిచే బరువైన స్వరాలు దానివి. ఉన్నంతసేపు ఎవరూ పట్టించుకోరు, తీసేస్తే పాట డొల్లగా వినిపిస్తుంది. ఎఫెక్ట్స్ పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న ఇనుప డబ్బా. గిటార్ నుంచి వచ్చిన సిగ్నల్‌ని ఏదో ఒక రకంగా మార్చి ముందుకు పంపుతుంది. ఎలా మార్చాలన్నది కొనేవాడి అవసరం. ఆ అవసరమేమిటో కనుక్కోవడమే నా పని అనుకునేదాన్ని.

సదానందం అన్న మొదటిసారి వచ్చినప్పుడు ఏ పెడల్ పేరూ అడగలేదు. ఫోన్‌లో తమ పెళ్లి ప్రోగ్రాం వీడియో ఒకటి పెట్టి నా చెవి దగ్గర ఉంచాడు. ఆయనకు యాభై దగ్గర పడుతుంటాయి. కాశిబుగ్గలో చేనేత కుటుంబం. పగలు పవర్‌లూమ్ షెడ్డులో పని, పెళ్లిళ్ల కాలంలో ఆర్కెస్ట్రాలో బాస్. ఆ ఆర్కెస్ట్రా ఓనర్ రవీందర్ కీబోర్డు వాయిస్తాడు. ఇద్దరూ పోరగాళ్లప్పుడు కలిసి మొదలుపెట్టారట.

"చెల్లె, గీ వీడియో జర మనసు పెట్టి విను. బాస్ వినవడుతాందా?"

"వినపడుతుందన్నా. మంచిగనే ఉంది."

"మంచిగనే ఉంది. అందరు గదే అంటాండ్లు. గని గీడ సూడు, నేను జారుడేసిన. ఏలు పైదాక పోయింది. సప్పుడు రాలే. నేను జేసేటి చిన్న చిన్న పనులన్ని నడుమల ఏడనో పడిపోతానయి. ఏ డబ్బా పెడితే బయటికొత్తయి?"

జారుడంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు ఎత్తకుండా జరగడం. అది తీగను గట్టిగా కొట్టేది కాదు కాబట్టి సన్నగా పలుకుతుంది. హోరులో మునిగిపోతుంది. ఈ లక్షణానికి మొదట చూడాల్సింది కంప్రెసర్. గట్టిగా పలికిన స్వరాన్ని కొంచెం అణిచి, మెల్లగా పలికిన దాన్ని కొంచెం లేపి, రెండింటినీ దగ్గరికి తెచ్చే పెడల్ అది. చప్పుడు ఎక్కువ చేయదు, సమం చేస్తుంది. బాస్ వాయించేవాళ్లు వేరే ఏది కొనకపోయినా ఇది కొనాలని చెబుతుంటాను.

దుకాణంలోని బాస్‌కి తగిలించి ఇచ్చాను. ఆయన స్టూల్ మీద కూర్చుని కళ్లు మూసుకుని వాయించాడు. నాకు పెడల్స్ తెలుసు గానీ వాయించడం రాదు. అయినా ఆ జారుళ్లు వింటుంటే, చీకట్లో మెట్లు దిగుతున్న మనిషి గోడ మీద చేయి ఆనించి నడిచినట్టు అనిపించింది. ఆ రాత్రి నా డైరీలో ఈ మాటే రాసుకున్నాను. ఆయన కంప్రెసర్ తీసుకుని వెళ్లాడు.

కొన్నాళ్లకు ఇంకో వీడియోతో వచ్చాడు. అందులోనూ జారుడు లేదు. ఈసారి ఈక్యూ పెడల్ చూపించాను. స్వరంలోని అడుగు, మధ్య, పై భాగాలను వేర్వేరుగా పెంచడానికీ తగ్గించడానికీ వరసగా చిన్న మీటలుంటాయి దాని మీద. బాస్ వినిపించాలంటే అందరూ అడుగు భాగాన్నే పెంచుతారు. అక్కడ డ్రమ్ము ఉంటుంది, రెండూ కలిసి ముద్దవుతాయి. వేళ్ల పని వినిపించేది మధ్య భాగంలో.

"అడుగు తగ్గించి మధ్యది లేపన్నా," అన్నాను.

ఆయన నవ్వాడు. "బాస్ పెంచుకుందామని వత్తె బాస్ తగ్గియ్యమంటివి! నొప్పి ఒకాడుంటె సూది ఇంకోకాడ ఏసే డాక్టర్ లెక్కనే ఉన్నవ్ చెల్లె."

అది కూడా కొన్నాడు. అది కూడా పని చేయలేదు. మూడోసారి వచ్చినప్పుడు అమ్మడానికి నాకు చేతులు రాలేదు. దుకాణంలో డెమో కోసం ఉంచిన ఓవర్‌డ్రైవ్‌ని వాడి చూడమని ఇచ్చాను. స్వరాన్ని కొంచెం గరుకు చేసే పెడల్ అది. మామూలు గిటార్‌ది బాస్‌కి పెడితే అడుగు భాగాన్ని తినేస్తుంది. బాస్ కోసం చేసిన వాటిలో బ్లెండ్ అనే మీట ఉంటుంది. అసలు స్వరాన్నీ గరుకు స్వరాన్నీ ఎంతెంత పాళ్లలో కలపాలో దానితో పెట్టుకోవచ్చు. గరుకు కొద్దిగా ఉంటే ఎంత హోరులోనైనా చెవి పసిగడుతుంది.

తర్వాతి వారం ఆయన దుకాణంలోకి నవ్వుకుంటూ వచ్చాడు.

"చెల్లె, నీ కంప్రెసర్‌కు దండం పెట్టాలె! గీ పాట సూడు. చరణంల నా ఏలు తప్పు మెట్టు మీద పడ్డది. స్టేజి మీద నా గుండె ఝల్లుమన్నది. ఇప్పుడిను. తప్పే లేదు! తప్పులు గూడ సాపు చేత్తదా అది?"

వీడియో మళ్లీ మళ్లీ చూశాను. వేలు నిజంగానే గిటార్ మెడ మీది పక్క మెట్టులో ఉంది. ఆయన ఉలిక్కిపడటం కూడా కనిపిస్తోంది. వినిపించింది మాత్రం సరైన స్వరం. పైగా ఆ రోజు ఓవర్‌డ్రైవ్ వేసి వాయించానన్నాడు. వినిపిస్తున్న బాస్‌లో గరుకన్నదే లేదు.

కంప్రెసర్‌కి తెలిసింది ఎంత గట్టిగా అన్నది ఒక్కటే. ఏ స్వరం అన్నది దానికి తెలియదు. తప్పు స్వరం ఇస్తే తప్పు స్వరాన్నే చక్కగా సమం చేసి పంపుతుంది. మా కౌంటర్లో ఉన్న ఏ పెడలూ ఆ తప్పును దిద్దలేదు. అంటే ఆ వీడియోలో వినిపిస్తున్నది ఆయన గిటార్ నుంచి వచ్చింది కాదు.

"అది తప్పులు దిద్దదన్నా," అన్నాను. ఆయన వినే స్థితిలో లేడు. "ఒకసారి మీ ప్రోగ్రాంకి వచ్చి వింటాను," అన్నాను. నా నోటి నుంచి అంత మాట రావడం నాకే ఆశ్చర్యం.

"రా చెల్లె! ఐతారం మడికొండల పెండ్లి. పగటి పూటనే."

గుంపుల్లోకి వెళ్లడం నాకు ఇష్టం ఉండదు. తెలిసినవాళ్ల పెళ్లిళ్లే ఏదో వంకతో తప్పించుకుంటాను. ఆ ఆదివారం మాత్రం ఎవరిదో తెలియని పెళ్లికి వెళ్లి, ఫంక్షన్ హాలులో వెనక మిక్సర్ దగ్గర నిలబడ్డాను. స్టేజి మీది ప్రతి వాయిద్యం వైరూ వచ్చి చేరేది అక్కడికే. ఒక్కో వాయిద్యానికి ఒక్కో చానెల్, దానికో మీట. అక్కడినుంచే హాలులోని పెద్ద స్పీకర్లకు వెళ్తుంది. సదానందం అన్న పక్కన స్టేజి మీద చిన్న యాంప్ ఉంది. తన వాయింపు ఆయనకు అందులో వినిపిస్తుంది. పెద్ద స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి. వాటిలో ఏం వస్తోందో స్టేజి మీద ఉన్నవాళ్లకు సరిగ్గా తెలియదు.

బాస్ అని రాసిన టేపు అంటించిన చానెల్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. మ్యూట్.

"ఇది మ్యూట్‌లో ఉందండీ," అన్నాను ఆపరేటర్‌తో.

"అది గట్లనే ఉంటది మేడం. ట్రాక్‌ల ఉన్నది కద బాస్."

రవీందర్ కీబోర్డు పక్కన ల్యాప్‌టాప్ ఉంది. పాట మొత్తం ముందే రికార్డు చేసిన ట్రాక్ అందులోంచి నడుస్తోంది. జనానికి పాట సినిమాలో విన్నట్టే ఉండాలి. పెళ్లి కార్డు మీద మాత్రం లైవ్ ఆర్కెస్ట్రా అని ఉండాలి. అందుకు స్టేజి మీద మనుషులుండాలి. "ఎప్పట్నుంచి?" అని అడిగాను. ట్రాకులు కొన్నప్పటి నుంచి, రెండేళ్లు కావొస్తోందన్నాడు ఆపరేటర్.

భోజనాల విరామంలో సదానందం అన్న ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఎట్లుంది చెల్లె బయట? జారుడు వచ్చిందా?"

నా చేతుల్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. చున్నీ కొస పట్టుకున్నాను.

"పెడల్స్‌ది ఏం తప్పు లేదన్నా. మీ చానెల్ మ్యూట్‌లో ఉంది."

"గిప్పటి పాటకా?"

"ట్రాకులు వచ్చినప్పటి నుంచి అంట."

ఆయన ప్లేటును కుర్చీ కింద పెట్టాడు. "మరి అందరు బాస్ మంచిగుందన్నది?"

"ట్రాక్‌లోదన్నా."

"మా ఇంటామె గూడ గదే అన్నది," అన్నాడు నెమ్మదిగా. చేయి కడుక్కుని, నేరుగా రవీందర్ దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

"నా చానెల్ తెరువు రవీందర్."

రవీందర్ ముందు నా వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు. "పెండ్లిల పంచాది పెట్టకే అన్నా. నిన్ను తీసేసిన్నా? బాస్ మనిషే లేకుండ నడిపే బ్యాండ్లు ఎన్ని లేవు? నేను తీసెయ్యలే. స్టేజి మీద నిలబెట్టిన."

"నిలబెట్టినవ్," అన్నాడు సదానందం అన్న.

"ఒక్క పాట తెరుత్త. తర్వాత నన్ననకు."

తెరిచారు. సదానందం అన్న కళ్లు మూసుకుని, దుకాణంలో వాయించినట్టే వాయించాడు. ట్రాక్‌లో బాస్ ఉంది, దాని మీద ఈయన బాస్. ఒకే రకమైన రెండు బరువైన స్వరాలు వెంట్రుకవాసి తేడాతో కలిస్తే ఒకదాన్నొకటి మింగుతాయి, లేకపోతే ఉబ్బుతాయి. హాలంతా గుయ్యిమంది. నేను రవీందర్ దగ్గరికి వెళ్లి, "ట్రాక్‌లో బాస్ తీసేయరాదా?" అన్నాను.

"అంత ఒకటే ఫైల్ మేడం. పప్పుల ఉప్పు తీయమన్నట్టున్నది నీ మాట."

అది నిజమే. విడివిడిగా కొన్న ట్రాక్ అయితే తీయొచ్చు, ఇది అలాంటిది కాదు. ఈలోపు పెళ్లికూతురి వైపు పెద్దాయన ఒకాయన చెవి మీద చేయి పెట్టుకుని వచ్చాడు. "ఏందయ్యా ఆ గుయ్యిమని సప్పుడు? అన్నం తినబుద్ధైతలేదు. ఎవలదో బందువెట్టు."

ఆపరేటర్ మ్యూట్ నొక్కాడు. హాలు తేటపడింది. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. పెద్దాయన "ఆఁ, గిప్పుడు మంచిగుంది," అని విస్తరి దగ్గరికి వెళ్లిపోయాడు. స్టేజి మీద సదానందం అన్నకు ఇదంతా వినిపించే ఉంటుంది. పాట ఆపలేదు. మిగతా పాటలన్నీ పూర్తిగా, ఒక్క స్వరం వదలకుండా వాయించాడు. నేను చివరిదాకా ఉండలేకపోయాను.

నెల దాటాక దుకాణానికి వచ్చాడు. కంప్రెసర్, ఈక్యూ, నేనిచ్చిన డెమో పెడల్ సంచిలోంచి తీసి వరసగా కౌంటర్ మీద పెట్టాడు. ఎక్కడా గీత పడకుండా తుడిచి తెచ్చాడు. "సెకండ్ హ్యాండ్ల పెట్టుకోరి," అన్నాడు. ఇంకా ఆ ఆర్కెస్ట్రాలోనే ఉన్నాడట. షెడ్డులో పని సగమే దొరుకుతోందట.

"ఇప్పుడు నాకొకటి కావాలె చెల్లె. లైట్లు బాగ వెలిగేది. వీడియోల మంచిగ కనవడాలంటాండు రవీందర్."

"దేనికన్నా? ఏం ఎఫెక్ట్?"

"ఏదైతేంది?"

లైట్లు ఎక్కువగా ఉన్న చవక పెడల్ ఒకటి తీసి బ్యాటరీ వేశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వైర్లు లేకుండ ఉత్తగ కింద పెడితె వెలుగుతదా?" అని అడిగాడు.

"వెలగదన్నా. బ్యాటరీ మీద నడిచేవాటికి ఇన్‌పుట్‌లో వైరు గుచ్చితేనే కరెంటు అందుతుంది."

"అంటే గిటార్ వైరు ఉండాలె. మరి అవుతలి వైరు?"

"అది లేకపోయినా వెలుగుతుంది."

ఆయన తలూపాడు. నేను గుచ్చి చూపించాను. నీలం, ఎరుపు లైట్లు వెలిగాయి. "సాలు," అన్నాడు. బాస్ ఒళ్లోకి తీసుకోలేదు, స్టూల్ మీద కూర్చోలేదు.

ఆ తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఎవరైనా బాస్ పెడల్ కోసం వస్తే వాళ్లకు ఎలాంటి సౌండ్ కావాలో మొదట అడగను. మీ వైరు ఎక్కడిదాకా వెళ్తుంది, మిక్సర్ దగ్గర ఎవరుంటారు, పాట ట్రాక్ మీద నడుస్తుందా, అందులో బాస్ ఉందా అని అడుగుతాను. యాదగిరి సార్‌కి ఇది నచ్చదు. "అమ్మెటోళ్లు అడిగే ముచ్చట్లేనా బిడ్డా ఇవి?" అంటారు. కావని నాకూ తెలుసు. అయినా అడుగుతాను. కొందరు కోప్పడి పోతారు. కొద్దిమంది సరిగ్గా జవాబు చెబుతారు, వాళ్లకు సరైన పెడల్ దొరుకుతుంది. ఎక్కువమంది మాత్రం నా ప్రశ్న విననట్టే అద్దం లోపలి పెడల్స్ వైపు తిరుగుతారు. తర్వాత, ఆ మూలన ఉన్నది ఒకసారి తీయమంటారు.