నాయన గొంతుకు సింధూరం

మా నాయన నాటకాలాడేవాడు. ఈ మాట ఇంత చప్పగా చెప్పినందుకు ఆ రోజుల్లో అయితే మా వైపు జనం నన్ను తన్నేవాళ్లు. తడ నుంచి నెల్లూరు దాకా ఎక్కడ పద్యనాటకం పెట్టినా రాజు వేషానికి ఆయన రావలసిందే. ఆయన రాలేదంటే కాంట్రాక్టరు దొడ్డిదారిన పారిపోవలసిందే. ఒక పద్యం ఎత్తుకుంటే వెనకాల బండ్ల మీద కూర్చున్నవాళ్లు కూడా లేచి నిలబడేవాళ్లు. వెంకటాచలానికి తూర్పున, సముద్రం వైపు ఉన్న మా ఊరి పేరు ఆయన వల్లనే బయట నలుగురికీ తెలిసింది. నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం ఎందుకు?

నాటకాలవాళ్లకు సింధూరమంటే హడల్. తాంబూలంలోనో పాలలోనో సింధూరం కలిపి పెడితే గొంతు శాశ్వతంగా పోతుందని వాళ్ల నమ్మకం. పోటీవాడు పెడతాడని, పక్క వేషంవాడే పెడతాడని కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. అందుకే మా నాయన పొరుగూళ్లో పచ్చి మంచినీళ్లయినా ముట్టేవాడు కాదు. మూత బిగించే మరచెంబు ఒకటి వెంట తీసుకుపోయేవాడు. అందులో మిరియాల పాలు పోసి మూత తిప్పి ఇచ్చేది మా అమ్మ. ఆ మూత మళ్లీ తీసేది ఆయనే. మధ్యలో ఇంకొక చెయ్యి పడకూడదు.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా బొటనవేలూ చూపుడువేలూ నశ్యం నలుపుతున్నట్టు ఆడుతుండేవి. తర్వాత నడక మారింది, అడుగు లేవదు, నేల మీద ఈడుస్తాడు. అసలే మద్యనిషేధం రోజులు. చాటుగా తాగేవాళ్లకు కొరత లేదు, తాగనివాణ్ణి అనుమానించేవాళ్లకు అంతకన్నా కొరత లేదు. నెల్లూరులో ఒక నాటకంలో నాయన సింహాసనం మెట్టు ఎక్కబోయి తూలాడు. “ఏంది రాజా, దొంగసారా గట్టిగా పట్టించినట్టుండావే!” అని వెనక నుంచి ఒకడు అరిచాడు. జనమంతా గొల్లుమన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషి! నేను ఆడవాళ్ల చాపల మీద నుంచి లేచి ఆ అరిచినవాడి కోసం వెతికాను. దొరికివుంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఆ తర్వాత గొంతు సన్నబడింది. నడుమ వరస దాటితే పద్యం వినిపించదు. ఈలలు మొదలయ్యాయి.

ఒకరోజు హార్మోనియం వాయించే ఆయన మా ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. నాయనతో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి.

“అన్నా, ఇది తాగుడు గాదు. గొంతు ఇట్టా పోయిందంటే సింధూరమే. ఎవురో పెట్టినారు” అన్నాడు. ఆగి, “కాకపోతే నువ్వు బయట ఏమీ ముట్టవు గదా...” అంటూ వంటింటి వైపు చూశాడు.

గడపలో మా అమ్మ రెండు గ్లాసుల మజ్జిగతో నిలబడి ఉంది.

“నాకు వద్దులే వదినా, దారిలో తాగొచ్చినా” అన్నాడు ఆ పెద్దమనిషి. ఆ మజ్జిగ అతని నెత్తిన పోయలేదే అని నాకు ఇప్పటికీ ఉడుకే. నాయన తన గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. పక్కన పెట్టేశాడు.

ఊరికి అంతకన్నా ఏం కావాలి? రాణి వేషం వేసే ఆమెతో నాయనకు నెల్లూరులో ఇంకో కాపురం ఉందని అప్పటికే ఒక పుకారు. “ఆ వేషాలు చాలు, ఇంటిపట్టున ఉండు” అని అమ్మ ఒకసారి గట్టిగా పోట్లాడిన మాటా నిజమే, వీధంతా విన్నదే. ఇప్పుడు ఆ రెండూ కలిపి ముడేశారు. మొగుడు స్టేజీ ఎక్కకుండా చేసుకోవడానికి పెళ్లామే గొంతుకు సింధూరం పెట్టిందట. నిప్పు లేనిదే పొగ రాదంట. మా ఊళ్లో పొగ కూడా లేకుండానే వంట చేయగలరు!

నాయన అమ్మను ఒక్క మాట అనలేదు. ఆమె చేతి అన్నం మాత్రం మానేశాడు. వెంకటాచలం నుంచి తన అక్కను పిలిపించుకున్నాడు. మా మేనత్త వచ్చిన రోజే వంటిల్లు స్వాధీనం చేసుకుంది. అమ్మా నేనూ పశువుల కొట్టం పక్కన రాళ్లపొయ్యి పెట్టుకున్నాం. సొంత ఇంట్లో!

అన్నిటికన్నా ఆయన చూపు అమ్మను చంపింది. రెప్ప వెయ్యడు, ముఖంలో కదలిక లేదు. అమ్మ నీళ్లు తోడినా, ముగ్గేసినా ఆ చూపు ఆమె వెంటే. “దొంగను చూసినట్టు చూస్తాడే. ఇన్నేళ్లు తిన్న చెయ్యే, ఇప్పుడు విషమైందా ఆయనకి?” అని పొయ్యి దగ్గర ఏడ్చేది. ఆయన ఎదుట మాత్రం కంట తడి పెట్టలేదు.

మేనత్త వంట తింటూ నెలలు గడిచాయి. వణుకు రెండో చేతికీ పాకింది. నాకు అప్పటికి పద్దెనిమిదేళ్లు, నోరు దానికన్నా పెద్దది. ఒకరోజు నాయన ముందే అడిగేశాను.

“అత్తా, అమ్మ పెట్టేటప్పుడు ఒక చెయ్యే ఒణికింది. నువ్వు పెట్టబట్టి రెండూ ఒణుకుతుండాయే. నువ్వేం కలుపుతుండావు?”

“నీ నోట్లో మన్ను పొయ్య! తోడబుట్టినోడికి నేను పెడతానా?”

“మరి కట్టుకున్నోడికి మాయమ్మ పెడతాదా?”

అత్త మరుసటి బస్సుకే మూట కట్టింది. గెలిచాననుకున్నాను. కానీ నాయన నా మాటను ఇంకోలా పట్టుకున్నాడు. అక్క మీద కూడా అనుమానం పెట్టుకున్నాడు. ఇక ఎవరి వంటా ముట్టనన్నాడు. ఎవరూ ఏమీ కలపలేనివే తింటాడట, ఉడికించిన గుడ్డు, అరటిపండు. అదీ తొక్క తానే వలుచుకోవాలట. ఆ వేళ్లతో ఎక్కడ వలుస్తాడు? గుడ్డు జారి కిందపడితే కుక్క ఎత్తుకుపోయింది. ఆయన అలా చూస్తూ కూర్చున్నాడు. మొలగొలుకుల బియ్యం ఉన్న ఇంట్లో మనిషి ఆకలితో పోతాడని భయమేసింది నాకు. పోతే ఆ చావు కూడా అమ్మ నెత్తినే పడుతుంది. “మద్రాసు పోదాం పదండి” అని మొండికేసి ఇద్దర్నీ రైలెక్కించాను.

అక్కడి పెద్ద డాక్టరు నాయనను నడిపించాడు, వెనక్కి తిరగమన్నాడు, పేరు రాయమన్నాడు. అక్షరాలు పోనుపోను ఆవగింజలంత అయిపోయాయి.

“ఇది నరాల జబ్బు. మీ వైద్యులు కంపవాతం అంటారు. మెదడులో నరాలు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. అందుకే గొంతు కూడా తగ్గింది. పూర్తిగా నయం కాదు, మాత్రలతో వణుకు కొంచెం తగ్గుతుంది” అన్నాడు.

నాయన పెదవులు కదిలాయి. “సింధూరం?” అన్నాడు.

ఆ నమ్మకమేమిటో నేను విడమరిచి చెప్పాను. డాక్టరు నవ్వలేదు. “ఎవరో పెడితే వచ్చేది కాదయ్యా ఇది. పాటగాళ్లకు వస్తుంది, కుస్తీ పట్టే పహిల్వాన్లకు వస్తుంది, ఎవరికీ తెలియనివాళ్లకూ వస్తుంది” అని అమ్మ వైపు తిరిగాడు. “ఈయన ముఖం బిగుసుకుపోయింది చూడమ్మా. సంతోషమైనా కోపమైనా ఇట్లాగే ఉంటుంది. తప్పు పట్టొద్దు.”

తిరుగు రైల్లో తడ దాటాక నాయన నిద్రపోయాడు. అమ్మ నన్ను అడిగింది. “అయితే నన్ను అట్టా చూసిందంతా జబ్బేనా?”

“చూసింది జబ్బేమో. అన్నం తోసేసింది జబ్బు గాదు గదా” అన్నాను. నాకు ఆయన మీద జాలి ఎంత ఉందో కోపమూ అంతే ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఇప్పుడు ఆయనకు ఎవరో ఒకరు తినిపించాలి. అమ్మ కంచం ముందు పెట్టుకుని పప్పన్నం కలిపి, మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి, నోరు తెరిచి చూపించింది. రెండో ముద్ద ఆయనకు పెట్టింది.

“వద్దు” అన్నాడు నాయన, వినీ వినిపించకుండా.

“ఏం వద్దు? నువ్వు నమ్మినావని నేనెట్టా నమ్మేది?” అంది.

అప్పటి నుంచి పూటపూటా అంతే. మొదటి ముద్ద ఆమెది. నేను మందలిస్తే నా మీద విరుచుకుపడేది. ఒకప్పుడు కనుబొమ్మ ఎగరేసి వేలమందిని ఏడిపించిన మనిషి, ఆమె వైపు చెక్కబొమ్మలా చూస్తూ ఉండేవాడు. నమ్మాడో లేదో ఆ ముఖాన్ని చూసి ఎవరు చెప్పగలరు? అమ్మ చెప్పలేకపోయింది. చెప్పలేకనే మింగి చూపించేది.

ఒక మధ్యాహ్నం చేపల పులుసు అన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తింది. అది ఆమె నోటి దాకా పోలేదు. నాయన రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మూడు చేతులూ వణుకుతున్నాయి. లాగి తన నోటికి ఆనించుకున్నాడు. సగం అన్నం గుండెల మీద పడింది, మిగిలింది తిన్నాడు. ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

“ఇప్పుడా చెప్పేది?” అని అమ్మ గట్టిగా అరిచింది. అరిచి, కొంగుతో ఆయన గుండెలు తుడిచి, ఇంకో ముద్ద కలిపి తిన్నగా ఆయన నోట్లోనే పెట్టింది.