దక్షిణార్ధగోళంలో మంచం దిశ

ఎనభైల చివర్లో నేను కాన్‌బెర్రాలో పీహెచ్‌డీ చేసేదాన్ని. విద్యుదావేశం ఉన్న కణాలు భూమి అయస్కాంత క్షేత్రంలో ఎలా ప్రయాణిస్తాయన్నది నా అంశం. నా చదువు గురించి మా ఆయనకు తెలిసిందల్లా నేను ఇంటికి ఆలస్యంగా వస్తానన్నదే. అందుకే తెలుగువాళ్ల ఆదివారం బార్బెక్యూలో, అక్కడి మాటలో బార్బీలో, నన్ను నా చదువు గురించి మాట్లాడమన్నప్పుడు నా ఆశంతా ఆయన మీదే. ఒక్కసారి చెవిన పెడితే చాలనుకున్నాను.

ఆ బార్బీ ఇచ్చిన డాక్టర్ అంకుల్ గొప్ప సైన్స్ మనిషి. అంటే, తనకు నచ్చిన ప్రతిదానికీ కాస్త సైన్స్ అతికిస్తాడు. పులిహోర, సాసేజీలు అయ్యాక అందరినీ పెరట్లో కూర్చోబెట్టాడు. మా ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బట్టలారేసే తీగ చుట్టూ వేలు తిప్పుతూ చెప్పాను. కణం క్షేత్రరేఖ చుట్టూ మెలికలు తిరుగుతూ ధ్రువం వైపు పోతుంది. అక్కడ క్షేత్రం బలంగా ఉంటుంది కాబట్టి చాలా కణాలు వెనక్కి మళ్లి రెండో ధ్రువం వైపు పరుగెడతాయి. వాటి వేగం పెంచేది విద్యుత్ క్షేత్రం. అయస్కాంత క్షేత్రం దారి మళ్లిస్తుంది, అంతే.

అంకుల్ లేచాడు. "అదంతా ఓకే అమ్మాయ్, మెయిన్ పాయింట్‌కి రా. ఇండియాలో నార్త్‌కి తలపెట్టి పడుకోం కదా, బ్లడ్‌లో ఐరన్‌ని పోల్ లాగేస్తుందని. ఇక్కడ మనకి దగ్గర సౌత్ పోల్. అంటే సౌత్ తలే డేంజర్, అవునా?"

"రక్తంలో ఇనుముని ధ్రువం అలా లాగదు అంకుల్. ఎటు పడుకున్నా ఒకటే."

"విన్నారా! కణాలు పోల్ టు పోల్ తిరుగుతాయని తనే చెప్పింది. సైంటిఫిక్‌గా ప్రూవ్ చేసేసింది!"

"అందుకే నాకీ నడుం నొప్పి," అంది ఒక ఆంటీ. "వచ్చినప్పటి నుంచీ సౌత్ తలే కదా!"

చప్పట్లు మోగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే అందరికన్నా గట్టిగా కొడుతున్నది మా ఆయనే అని చూసి మెత్తబడ్డాను.

"ఎలా ఉంది?" అని కారులో అడిగాను.

"సూపర్. చాలా క్లియర్‌గా చెప్పావ్."

దారంతా కూనిరాగం తీస్తూనే ఉన్నాను.

ఇంటికి రాగానే ఆయన చొక్కా చేతులు మడిచి పడకగదిలోకి నడిచాడు. "ఇటొచ్చి ఒక చెయ్యి వెయ్యి," అన్నాడు మంచం కోడు పట్టుకుని. "ఇన్నాళ్లూ సౌత్‌కే తలపెట్టాం. ఇంత చదివావు, ఈ ఒక్క ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా?"

నేను చెయ్యి వెయ్యలేదు. ఏడుపొచ్చింది. ఆయనొక్కడే ఆయాసపడుతూ మంచాన్ని ఉత్తరానికి తిప్పుకున్నాడు. ఆ రాత్రి నేను దక్షిణానికే తలపెట్టి పడుకున్నాను, ఆయన పాదాల పక్కన.