అమెరికాలో రెండు కుళాయిలు

అమెరికా చరిత్ర నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. ఖతర్‌లో, అల్ వక్రా దగ్గర ఒక లేబర్ క్యాంపులో, రేకుల షెడ్డు కింద బనియన్లు ఉతుక్కునేవాళ్ళకు చెబుతూ చెబుతూ నేర్చుకున్నాను. చమురు ధర చుక్కలంటిన రోజులవి. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయట. ఆ బారుల పుణ్యమా అని మేము దోహాలోని అల్ హిలాల్‌లో విల్లాలు కడుతున్నాం. పుణ్యం అనే మాట మీద నాకు నమ్మకం లేదు గాని, అక్కడ ఇంకో మాట అతకడం లేదు.

సైటులో నేను టైంకీపర్‌ని. అంతకుముందు గుంటూరు జిల్లాలో హేతువాద సంఘాల వేదికల మీద పదేళ్ళు గొంతు చించుకున్నాను. ముహూర్తాలు బూటకమని ఎందరో పురోహితులను చర్చలో మట్టి కరిపించాను. ఓడిపోయిన పురోహితుడు మర్నాడు అదే ముహూర్తానికి పెళ్ళి చేయించేవాడు. గెలిచిన నేను ఆ పెళ్ళిలో భోజనం చేసి వచ్చేవాణ్ణి. చర్చలో గెలవడం వేరు, గెలిచాక ఏదైనా మారడం వేరు అని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది. కాలేదు.

క్యాంపులో తెలుగువాళ్ళంతా జగిత్యాల, నిజామాబాదు వైపు పల్లెలవాళ్ళు. పద్దెనిమిది మంది కలిసి ఒక మెస్ పెట్టుకున్నారు. ఎవరు వండాలో వాళ్ళే తేల్చుకోవాలి. అందరూ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేస్తే కంపెనీ ఆ మనిషిని సైటు పని నుంచి తప్పించి వంటకు పెట్టేది. ఒక్కడు కాదన్నా ఆ కాగితం చెల్లదు. పాత వంటమనిషి ఊరికి వెళ్ళిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది.

దాని మీద ఒక తాపీ పనివాడి బతుకు ఆధారపడి ఉంది. ఎండదెబ్బకు రెండుసార్లు సైటులో కుప్పకూలాడతను. ఇక ఎండలో పని చేయించవద్దని డాక్టరు రాసిచ్చాడు. నీడపట్టున పని దొరికితే ఉంటాడు, లేకపోతే కంపెనీ విమానం ఎక్కిస్తుంది. "ఊరికి పోతె మళ్ల పటేలు ఇంట్ల జీతముండుడే సారూ. మా నాయిన గా కొట్టంల పుట్టిండు, గా కొట్టంలనే సచ్చిండు" అని ఒకసారి నాతో అన్నాడు.

అతను మాదిగ. అడ్డు అదొక్కటే. మెస్‌కు పెద్ద లాంటి వడ్రంగి మేస్త్రీని అడిగాను.

"మంచోడే సారూ. మా పక్కూరోడే. పానం వెట్టి పనిజేస్తడు" అన్నాడు మేస్త్రీ. "గని వాని చేతి కూడు ఎట్ల దింటం?"

షెడ్డులో వాటర్ కూలర్‌కు గొలుసుతో కట్టిన గ్లాసు అందరిదీ. పక్కన మేకుకు వేలాడే స్టీలు గ్లాసు అతనొక్కడిది. సముద్రం దాటితే కులం పోతుందని మన శాస్త్రాలు బెదిరించాయి. శాస్త్రాల్లో నేను నిజం కావాలని కోరుకున్న మాట అదొక్కటే. అదీ అబద్ధమే అయింది.

నేరుగా కొడితే మొండికేస్తారని వాదాలు చేసి చేసి నాకు తెలుసు. మా అమెరికా ఇంజనీరు దగ్గర అతని కొడుకు చదివి పారేసిన లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. శుక్రవారం సెలవు. పొద్దున్నే వాళ్ళు బట్టలు ఉతుకుతుంటే నేను కుర్చీ వేసుకుని మొదలుపెట్టేవాణ్ణి. ఓడల్లో గొలుసులేసి మనుషుల్ని తెచ్చి అమ్మారన్నాను. బానిసత్వం పోవడానికి అన్నదమ్ములే రెండు సైన్యాలై చంపుకున్నారన్నాను. అంత రక్తం పారి బానిసలు విడుదలయ్యాక కూడా, తెల్లవాళ్ళకో కుళాయి, నల్లవాళ్ళకో కుళాయి పెట్టారన్నాను. బస్సులో తెల్లవాడి కోసం సీటు వదలనని ఒక నల్లజాతి స్త్రీ కూర్చున్నచోటే కూర్చుంటే, ఆ ఊరి నల్లవాళ్ళందరూ ఏడాదికి పైగా బస్సెక్కకుండా నడిచారన్నాను.

మేస్త్రీ సబ్బు చేతుల్తోనే కళ్ళు తుడుచుకుని, మంటకు ఇంకాస్త ఏడ్చాడు.

"నీళ్లకు గూడ రెండు నల్లాలా? థూ! గీళ్లు మనుషులేనా సారూ?"

అతని భుజం వెనకే రెండు గ్లాసులూ తళతళలాడుతున్నాయి. వేదిక మీద నేర్చుకున్న పద్ధతిలో మాట ఆపి, వాటి వైపు చూస్తూ నిలబడ్డాను. సభలో ఆ మౌనానికి చప్పట్లు పడేవి. ఇక్కడ ఎవరో "సారుకు దూప అయితున్నట్టుంది, నీళ్లియ్యుండ్రి" అన్నారు.

ఆ రోజు నేను వెళ్ళబోతుంటే తాపీ అతను నా వెంట గేటు దాకా వచ్చాడు.

"మస్తు జెప్తున్నరు సారూ. గని మీరు మా మెస్ల దినరు గద? స్టాఫ్ మెస్ల దింటరు. కాగితం మీద మీ సంతకం గూడ అక్కర లేదు."

నాకు కోపం వచ్చింది. పదేళ్ళ వేదికల మీద అంత పొట్టి వాదంతో నన్నెవరూ ఓడించలేదు.

తర్వాతి శుక్రవారం అమెరికా ఇంజనీరు వక్రా హార్బర్‌లో చేపలు కొనుక్కుని క్యాంపుకు వచ్చాడు. వంటమనిషి కాగితం ఆ రోజే తేలాలి. తేలకపోతే మర్నాడు తాపీ అతనికి టికెట్టు తీస్తారు. ఆయన జీపు దిగాడో లేదో మేస్త్రీ ఎదురెళ్ళి నిలదీశాడు.

"సాబ్! తుమారా గావ్ మే దో నల్లా? గోరా అలగ్, కాలా అలగ్? షరం మాఫీ?"

మాఫీ అంటే అరబ్బీలో లేదు అని; సిగ్గు లేదా అని అడిగాడన్నమాట. ఎండకు ముందే ఎర్రబడిన ఇంజనీరు ముఖం ఇంకా ఎర్రబడింది. ఇదంతా ఎవరు చెప్పారన్నట్టు నా వైపు చూశాడు. మీ పుస్తకమే అన్నాను. ఆయన కాసేపు చెప్పు కొనతో ఇసుక గీకాడు. తమది దక్షిణాది రాష్ట్రమనీ, తమ ఊరి కోర్టు దగ్గర నిజంగానే రెండు కుళాయిలుండేవనీ, చిన్నప్పుడు తాను తెల్లవాళ్ళ దాంట్లోనే తాగాననీ చెప్పాడు. తర్వాత చట్టం వచ్చి రెండూ పీకేసి ఒకటే పెట్టారట. నేను తెలుగు చేసి చెప్పాను.

"తీసేసినంక ఏమైందో అడుగు" అన్నాడు మేస్త్రీ.

"మా తాత వారం రోజులు ఇంటి నుంచి కోర్టుకు సీసాలో నీళ్ళు మోసుకెళ్ళాడు. తర్వాత బరువని మానేశాడు."

షెడ్డంతా పగలబడి నవ్వింది. అమెరికా తాతలకు బుద్ధి లేదని తీర్మానమైంది. ఇంజనీరూ నవ్వి, దాహమేసి కూలర్ దగ్గరికి వెళ్ళాడు. గొలుసు గ్లాసు జిడ్డుగా ఉందనుకున్నాడేమో, మేకు మీది గ్లాసు తీశాడు.

"వద్దు సాబ్!" అని పదిహేడు గొంతులు ఒక్కసారిగా అరిచాయి.

ఎందుకన్నాడు ఆయన. అయిదు నిమిషాల కిందట ఆయన ఊరికి సిగ్గు లేదా అని నిలదీసిన మేస్త్రీకి నిజం నోట్లోంచి రాలేదు. "బీమార్ సాబ్. ఓ ఆద్మీ బీమార్" అన్నాడు, తాపీ అతన్ని చూపించి.

ఇంజనీరు గ్లాసు వెంటనే మేకుకు తగిలించేశాడు. అంటురోగముంటే క్యాంపులో ఉంచడం కుదరదు, వంట సంగతి సరే, రేపు కాదు ఈ రోజే పంపించేయాలి అన్నాడు. ఆ మాటా నేనే తెలుగు చేసి చెప్పాను.

నాలో ఉపన్యాసం ఉబికింది. మంచి ఇంగ్లీషులో వీళ్ళ బండారమంతా బయటపెట్టాలని నోరు తెరిచాను. తాపీ అతను నన్ను చేత్తో వారించి, మేస్త్రీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాకేం బీమారో నువ్వే జెప్పు మేస్త్రీ."

మేస్త్రీ ముఖం నిండా చెమట. అతను దుర్మార్గుడు కాడు. పక్కూరివాణ్ణి తన అబద్ధంతో పటేలు కొట్టానికి పంపడం అతనికి చేతకాలేదు. నిజం చెప్పడమూ చేతకాలేదు.

"బీమార్ మాఫీ సాబ్" అన్నాడు చివరికి.

"మరి గ్లాసు ఎందుకు వేరు?" అన్నాడు ఇంజనీరు.

మేస్త్రీ ఆ గ్లాసు లాక్కుని, నిండా పట్టి, గటగటా తాగేశాడు. "చూడు సాబ్! బీమార్ మాఫీ!"

ఇంజనీరు మిగతావాళ్ళ వైపు అనుమానంగా చూశాడు. "ఏం జూస్తున్నరు బే, తాగుండ్రి! యల్లా!" అని మేస్త్రీ గద్దించాడు. ఒక్కొక్కరే తాగారు. కొందరు ఆముదం తాగినట్టు కళ్ళు మూసుకున్నారు. ఒకాయన వేములవాడ రాజన్నను తలుచుకుని మరీ మింగాడు. నన్నెవరూ అడగలేదు గాని నేనూ తాగాను. ఆ తర్వాత కాగితం మీద పదిహేడు గుర్తులు పడ్డాయి. పెన్ను తిరిగిస్తూ మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు గూడ మా మెస్లకు రావాలె సారూ. గీ లొల్లి అంత నీదే. వెట్టు సంతకం."

పెట్టాను. జీవితమంతా సత్యాన్ని ప్రచారం చేసినవాణ్ణి. నా కళ్ళ ముందే ఒక పచ్చి అబద్ధం, అదీ సగంలో బెడిసికొట్టినది, నా అన్ని శుక్రవారాల కంటే ఎక్కువ పని చేసింది. హేతువాది అన్నాక సాక్ష్యాన్ని ఒప్పుకోవాలి గనుక ఒప్పుకుంటున్నాను.

ఒక్క విషయం మాత్రం ఎవరూ విచారించలేదు. అతనికి వంట రాదు. నిన్నటి దాకా మట్టీ సిమెంటూ కలిపినవాడు. మొదటి రోజు పప్పులో గరిటె నిలబెడితే నిలబడింది.

"ఏం పప్పురా ఇది? ఇటుకలు పేర్సనీకి కలిపినవా?" అని మేస్త్రీ పళ్ళెం తోసేశాడు.

"దింటె దిను, లేకుంటె నువ్వొచ్చి వండు" అన్నాడు తాపీ అతను, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా. "సంతకం వెట్టినప్పుడు నోరు యాడ వోయింది?"

అందరూ తలో మాటా తిట్టారు. అతను ఒక్కటీ వదలకుండా అందరికీ తిరిగి వడ్డించాడు. పదిమంది తన ముఖం మీదే తిట్టడం, తాను ఎదురు తిట్టడం అతనికి మొదటిసారి కావచ్చు. ఉల్లాసంగా ఉన్నాడు. నేను ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచిస్తుంటే నా మీదా గరిటె ఆడించాడు.

"జల్ది దినుండ్రి సారూ. సల్లారితె ఇంక గట్టిపడతది."

తిన్నాను. రెండేళ్ళు తిన్నాను.