పడవను ముట్టని రోజు

మొన్న గద్వాలలో మనవరాలిని ఈత నేర్పించడానికి ఈతకొలనుకు తీసుకెళ్లి, నేనూ దిగుతానంటే, అక్కడ నేర్పే ఆయన అడ్డం వచ్చి, "అరవై దాటినోళ్లు దిగొద్దమ్మా, మీకేమన్న అయితే మేం పరేషాన్ అయితం" అన్నాడు. నన్ను నీళ్లలో దిగొద్దన్నవాళ్లలో ఆయన మొదటివాడు కాదు.

మాది కృష్ణ ఒడ్డు ఊరు. అవతలి గట్టున వేరుశనగ పీకే కూలికి మా మేనత్త పోయేది. పడవ దొరకని రోజు బట్టల మూట నెత్తిన కట్టుకొని ఈదేది. తొమ్మిదేళ్లకే నన్నూ వెంట ఈదించింది. పెద్దయ్యాక నది పోటీలన్నీ వరుసగా గెలిచాను. అప్పుడు సముద్రం మీద ఆశ పుట్టింది.

సముద్రపు ఈత పోటీలో మగవాళ్లకు పూర్తి దూరం, ఆడవాళ్లకు సగం. నేను పూర్తి దూరమే ఈదుతానని పట్టుబడితే నవ్వి, ప్రాణం పోతే బాధ్యత నాదేనని కాగితం రాయించుకొని వదిలారు. వెంట వచ్చే పడవలో ఒక అధికారి, మా మేనత్త. ఆమె సముద్రాన్ని చూడడం అదే మొదలు. పడవను ముడితే పోటీ అయిపోయినట్టే. ఏడో గంటకు ఉప్పుకు పెదవులు వాచి, జెల్లీ చేప కుట్టి భుజం మండిపోతోంది. అధికారి వంగి చెయ్యి చాచాడు.

"చాలమ్మా, ఆడమనిషికి ఇదే ఎక్కువ. ఎక్కెయ్!"

ఆ చెయ్యి నాకు జానెడు దూరంలో ఉంది. పట్టుకోవాలనిపించింది, అబద్ధమెందుకు. అంతలో మేనత్త ఆ చేతిని పక్కకు తోసేసింది.

"చెయ్యి తియ్యి సారూ! దానికి చాతకాకపోతే అదే చెప్తది. నువ్వేంది చెప్పేది?"

నాకు రోషం వచ్చింది. ముగ్గురు మగవాళ్ల వెనక నాలుగోదానిగా ఒడ్డు చేరాను. సాయంత్రం నాకు సగం దూరానికే పత్రం ఇస్తే, వేదిక మీదే తిరిగి ఇచ్చేసి, నడవలేక మేనత్త భుజం పట్టుకొని దిగాను. మరుసటేడు ఆడవాళ్లకూ పూర్తి దూరం పెట్టారు. మొదటి గెలుపు నాదే. ఆ తరువాత పదకొండేళ్లు సముద్రాన్ని వదల్లేదు.

ఈనాటి ఆడపిల్లలు పూర్తి దూరం ఈదుతున్నారు, వాళ్లచేత ఎవరూ కాగితం రాయించుకోవడం లేదు. అది చాలు నాకు. మేనత్త పోయింది. ఆనకట్ట వచ్చాక మా రేవులో నీళ్లు నిలిచిపోయాయి, కూలికి పోయేవాళ్లు వంతెన మీద ఆటోల్లో పోతున్నారు. నేను మాత్రం ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే దిగుతాను. ముందుకు తోసే ప్రవాహం లేదు. ప్రతి బారా నేనే వేసుకోవాలి. వేస్తున్నాను.