తుమ్మదిబ్బ మీద గిజిగాళ్ళు

సెప్టెంబరు 14, ఆదివారం. ఉదయం తొమ్మిది గంటలు. చెరువు కట్ట మీద ఉన్నవాళ్ళు: నేను, మా అక్క, బావ, చేపల తెప్ప నడిపే పెద్దాయన. వాన తెరిపిచ్చింది. నీళ్ళు అలుగు మీద జానెడు.

నిరుటి డైరీలో ఈ పుట మీద బురద మరక ఇంకా పోలేదు. పోయిన వారం కోదాడ వెళ్తూ హైవే పక్కన హోటల్లో టీకి ఆగాం. గల్లా పైన ఒక గిజిగాడి గూడు వేలాడదీసి, లోపల ఎర్ర బల్బు పెట్టారు. ఎంత బాగుందో అంది మా ఆవిడ. నేను టీ సగంలో వదిలి బయటికొచ్చేశాను. సూర్యాపేటలో ఇల్లు చేరగానే ఈ పుట తీశాను.

నేను మిర్యాలగూడలో కాలువల శాఖలో నీటిమట్టాలు రాసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం ఆగినా చెయ్యి ఆగలేదు. గరిడేపల్లి దగ్గర మా అక్క వాళ్ళ ఊరి చెరువు నడుమ నాలుగు నల్లతుమ్మలు పట్టేంత దిబ్బ ఒకటి ఉంది. ప్రతి వానాకాలం అక్కడికి గిజిగాళ్ళు వస్తాయి. మగపిట్ట వరి ఆకును అంచున కొరికి, ఎగురుతూ పొడుగునా చీల్చుకుపోతుంది. ఆ పీచుతో తుమ్మ కొసన ముడి వేసి, ఉంగరం అల్లి, టోపీలాంటి సగం గూడు కట్టి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి పీచు లాగి చూస్తుంది. నచ్చకపోతే మాట్లాడకుండా వెళ్ళిపోతుంది, చీరల షాపులో మా అక్కలాగే. నచ్చితేనే మగది కిందికి గొట్టం అల్లి గూడు పూర్తి చేస్తుంది. ఆ గొట్టం కొసే వాకిలి. లోపల మిణుగురును అంటించి దీపం పెట్టుకుంటుందని మా అమ్మ చెప్పేది. రాలిన గూళ్ళు ఎన్ని విప్పినా నాకు బురద ముద్దలే దొరికాయి. అదీ రాసుకున్నాను. గూళ్ళన్నీ పడమటి గాలికి చాటుగా తూర్పు కొమ్మలకే ఉంటాయనీ రాసుకున్నాను.

అంతవరకు బాగానే ఉంది. కానీ ఇంకొకటి కూడా రాశాను, రాసి ఊరుకోక ఊరంతా చెప్పాను. నీళ్ళు ఏ ఏడూ గూళ్ళ దాకా రావు. ఎత్తుగా కడితే పెద్ద వరద, కిందికి కడితే చిన్నది. చాలా ఏళ్ళు అలాగే జరిగింది. జూలై వస్తే చాలు, "సారూ, పిట్టలేమంటున్నయ్?" అని ఊరి రైతులు ఫోన్ చేసేవారు. నాకదొక పెద్ద గర్వం.

నిరుడు జూలైలో చెరువు అడుగంటింది. పిట్టలు గూళ్ళు ఎప్పుడూ లేనంత కిందికి కట్టాయి. "ఈసారి పెద్ద వరద రాదు బావా" అన్నాను ఫోన్లో. ముందటి యాసంగి పంటకు నీళ్ళందక బావ వరి ఎండిపోతే పశువులకు వదిలేశాడు. అందుకే వచ్చే కాసిన్ని నీళ్ళూ జారిపోకుండా ఆయన, తోటి రైతులు కలిసి అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చారు. సెప్టెంబరులో రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది.

ఆ ఆదివారం తెప్ప మీద దిబ్బకు వెళ్ళాను. గూళ్ళు ఇరవై మూడు. గొట్టాల కొసలన్నీ నీళ్ళలో మునిగి ఉన్నాయి. పైన గది పొడిగానే ఉంది, లోపల పిల్లలు అరుస్తున్నాయి. తల్లులు ముక్కున మిడతలతో వస్తున్నాయి, వాకిలి ఉండాల్సిన చోట నీళ్ళకు రెక్కలు తగిలి లేస్తున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. కొడవలి తీసుకుని ఒక గొట్టాన్ని నీటిపైకి కోశాను. కొత్త వాకిలి తెరుచుకుంది. తల్లి దాన్ని చూడనే లేదు. పాత వాకిలి చోటే నీళ్ళను పొడుస్తూ ఉంది. రెండో గొట్టం కోయకుండా కొడవలి తెప్పలో పడేశాను.

కట్ట మీదికొచ్చి బావను బతిమాలాను. బస్తాలు తీయించమన్నాను.

"పిట్టల కోసం యాసంగి ఇడిసిపెట్టమంటవా బామ్మర్ది? గీసారి పెద్ద వరద రాదన్నది ఎవలు? నీ మాట మీదనే గద బస్తాలేసినం."

మధ్యాహ్నం దాకా అదే మాట అటూ ఇటూ తిరిగింది. చివరికి అక్క విసుక్కుంది. "ఉద్యోగమంత నీళ్ళు కొలిసినవ్, జానెడు నీళ్ళు దించనీకి చాతగాదా?" అని నన్ను, "నువ్ జర తెప్ప ఎక్కి సూసి రా, ఇగ అప్పుడు మాట్లాడు" అని బావను.

బావ వెళ్ళి చాలాసేపు దిబ్బ దగ్గరే ఉన్నాడు. తిరిగొచ్చి లుంగీ ఎగగట్టి అలుగులో దిగి మొదటి బస్తా లాగాడు.

"తోటోళ్ళు అడిగితే నేను సెప్పుకుంట" అన్నాడు, రెండోది లాగుతూ.

పెద్దాయన, నేను చెయ్యి వేశాం. పొద్దు గూకే వేళకు రెండు వరసలు తీశాం. అంత పెద్ద చెరువు, వేలెడు దిగడానికే గంటలు పట్టింది.

మర్నాడు పొద్దున గూళ్ళ వాకిళ్ళన్నీ బయటపడ్డాయి. గొట్టాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కో గూటి కింద తెప్ప ఆపి చెవి పెట్టాను. నాలుగింట అరుపులున్నాయి. పందొమ్మిదింట లేవు. నేను కోసిన గూటిలోనూ లేవు. పై కొమ్మన ఒక మగపిట్ట బావ పొలం నుంచి పచ్చటి పీచు తెచ్చి, పాత గూళ్ళకు బారెడు పైన ముడి వేస్తోంది.

"మీదికి కడ్తున్నది. ఇంక వరద ఉన్నదా బామ్మర్ది?" బావ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"నాకు తెల్వదు బావా" అన్నాను.

ఆ పిట్ట ఆ పొద్దుటి నీళ్ళను చూసి కడుతోంది, జూలైలో జూలై నీళ్ళను చూసి కట్టినట్టే. దానికి రాబోయేది తెలుసని రాసింది నేను. నా పెట్టెలోని డైరీల్లో ఇన్నేళ్ళ నీళ్ళున్నాయి, రేపటివి మాత్రం ఒక్క చుక్క లేవు.